వెళ్ళేలోపు చదవాల్సినవి

అక్టోబరులో మేమందరం డాలస్ నుంచి కారులో పడమటికి బయల్దేరుతున్నాం. న్యూ మెక్సికో, ఆరిజోనా, యూటా, కొలరాడో మూలలు ఒక్కచోట కలుస్తాయే, ఆ చుట్టుపక్కలకి. అమ్మానాన్నా ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ళూ వస్తున్నారు. హోటళ్ళ సంగతి మావారు చూసుకుంటారు. రైస్ కుక్కరు, పులిహోర పేస్టు, పచ్చడి సీసాలు అమ్మ చూసుకుంటుంది. పుస్తకాలు నా వంతు. ప్రయాణం పనుల్లో నాకు ఇంతకన్నా ఇష్టమైంది ఇంకోటి లేదు.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రాంతానికి ఒక ప్లాన్ తిరుగుతూ ఉంటుంది. లాస్ వేగస్‌లో దిగడం, హూవర్ డ్యామ్, గ్రాండ్ కాన్యన్, పేజ్ ఊళ్ళో ఆంటెలోప్ కాన్యన్, హార్స్‌షూ బెండ్, వీలైతే మాన్యుమెంట్ వ్యాలీ, మళ్ళీ వేగస్. సెలవులు తక్కువున్న వాళ్ళకి అది బాగానే పనికొస్తుంది. అయితే అందులో రాళ్ళూ నీళ్ళే తప్ప మనుషులు కనపడరు. ఆంటెలోప్ కాన్యన్‌లోకి గైడ్ లేకుండా అడుగుపెట్టనివ్వరు, ఎందుకంటే అది నవాహో వాళ్ళ భూమి. మాన్యుమెంట్ వ్యాలీ నేషనల్ పార్కు కాదు, నవాహో వాళ్ళు సొంతంగా నడుపుకునే పార్కు. నవాహో నేషన్ దాదాపు 27,000 చదరపు మైళ్ళు, వెస్ట్ వర్జీనియా రాష్ట్రం కన్నా పెద్దది. వాళ్ళ అధ్యక్షుడు, వాళ్ళ పోలీసులు, వాళ్ళ కోర్టులు వాళ్ళకున్నాయి. ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి ఆరిజోనాలో లేదు, నవాహో నేషన్‌లో ఉంది, దాని నడుమనున్న హోపీ వాళ్ళ భూమిలో మళ్ళీ లేదు. పేజ్‌లో టికెట్ కొన్నవాళ్ళు అది ఎవరి టైమో కనుక్కోవాల్సిందే. ఇంత గట్టిగా తమ పద్ధతిలో తాము బతుకుతున్న మనుషుల మధ్యకి, వాళ్ళ గురించి ఒక్క పేజీ కూడా చదవకుండా వెళ్ళడం నాకు మనసొప్పదు.

ఏ ప్రాంతానికైనా పుస్తకాలు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఒకటే. రాసింది చూడటానికి వచ్చినవాళ్ళా, అక్కడ పుట్టిపెరిగినవాళ్ళా? లైబ్రరీ ప్రయాణాల అరలో ముందు వరసలో ఉండేవి వచ్చిపోయినవాళ్ళ పుస్తకాలు. నేను అక్కడివాళ్ళ పుస్తకంతో మొదలుపెట్టి, వచ్చినవాళ్ళవి ఆ తర్వాత చదువుతాను. తిరుపతి చూడబోయే స్నేహితురాలెవరైనా అడిగితే, తెలుగు చదవగలిగిన మనిషైతే, గుడి వేళల కన్నా ముందు నామిని 'పచ్చనాకు సాక్షిగా' చేతిలో పెడతాను. కొండ మీద దర్శనం అందరికీ దొరుకుతుంది. కొండ కింద పల్లెల్లో వాన కోసం చూసే మనుషుల మాట నామిని దగ్గరే దొరుకుతుంది. వేరేవాళ్ళ నేల మీదికి వెళ్తున్నప్పుడు నేనూ అదే వెతుక్కుంటాను.

అందుకే ఈసారి మొదటి పుస్తకం లెస్లీ మార్మన్ సిల్కో 'సెరిమనీ'. 1977లో వచ్చిన నవల. ఆల్బకర్కీకి పడమట లగూనా అనే ప్వెబ్లో ఉంది, సిల్కో పెరిగింది అక్కడే. మేం పోయే ఐ-40 హైవే ఆ ఊరి పక్కనుంచే పోతుంది. కథలో టాయో అనే కుర్రాడు రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళకి ఖైదీగా చిక్కి, మనసు చెదిరి ఇంటికొస్తాడు. పసిఫిక్ అడవుల్లో తెరిపి లేకుండా కురిసిన వానని తిట్టి పొమ్మన్నాడు. తిరిగొచ్చి చూస్తే ఊళ్ళో కరువు, పశువులకి గడ్డి లేదు. తన తిట్టే తగిలిందని లోపల్లోపల కుమిలిపోతాడు. మిలటరీ ఆస్పత్రి మందులకి తగ్గని ఆ బాధ, మేనమామ కొన్న మచ్చల ఆవుల్ని వెతుక్కుంటూ కొండెక్కినప్పుడు, పెద్దలు చెప్పిన కథలు మళ్ళీ తనవైనప్పుడు తగ్గడం మొదలవుతుంది. వానకీ మనిషి నోటిమాటకీ ముడి ఉందని నమ్మే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ నవల చాలా దగ్గరగా వస్తుంది.

నవల చివర్లో టాయో ఒక యురేనియం గని దగ్గరికి చేరతాడు. అది కల్పన కోసం పెట్టిన చోటు కాదు. లగూనా భూమిలో జాక్‌పైల్ గని 1953 నుంచి 1982 దాకా నడిచింది. అదే దారిలో గాలప్ దగ్గర చర్చ్ రాక్ అనే చోట, 1979 జులై 16న యురేనియం వ్యర్థాల చెరువుకట్ట తెగి 9 కోట్ల గ్యాలన్లకు పైగా విషపు నీళ్ళు ప్వెర్కో వాగులోకి పోయాయి. ఆ వాగులోనే నవాహో వాళ్ళ గొర్రెలు నీళ్ళు తాగేవి. ఎర్రకొండల ఫొటోలు తీసుకుంటూ ఆ ఊళ్ళు దాటిపోయేవాళ్ళకి ఈ సంగతి ఏ బోర్డు మీదా ఇంత వివరంగా కనపడదు. యురేనియం గొడవల్లో తుమ్మలపల్లె, నల్లమల పేర్లు విన్న మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

స్కాట్ మోమడే 'హౌస్ మేడ్ ఆఫ్ డాన్' కూడా బల్ల మీద ఉంది. 1969లో పులిట్జర్ వచ్చిన నవల. గొప్పదే, కానీ నిదానంగా, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ చదవాల్సింది. ప్రయాణం హడావుడిలో దానికి న్యాయం జరగదు, తిరిగొచ్చాక చలికాలానికి పెట్టుకున్నాను.

వచ్చినవాళ్ళు రాసినవాటిలో విల్లా క్యాథర్ 'డెత్ కమ్స్ ఫర్ ది ఆర్చ్‌బిషప్' తప్పకుండా ఉండాలి. 1927 నాటిది. 1851లో శాంటా ఫేకి వచ్చిన ఫ్రెంచి బిషప్ లామీ జీవితం దానికి ఆధారం. ఆయన కట్టించిన చర్చి ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉంది. ఆ నేల వెలుతురునీ, గుర్రం మీద రోజుల తరబడి సాగే దూరాలనీ అంత శాంతంగా రాసినవాళ్ళని నేను ఇంకొకరిని చదవలేదు. కానీ ఆ నవల్లో కిట్ కార్సన్ మంచి స్నేహితుడిగా కనిపిస్తాడు. 1864లో ఆ కార్సన్ దండే కాన్యన్ డి షేలో నవాహోల పంటలు తగలబెట్టింది, పీచ్ తోటలు నరికింది. ఆకలికి లొంగిపోయిన జనాన్ని వందల మైళ్ళు నడిపించి బోస్క్ రెడోండోలో కుక్కారు. దారిలోనూ అక్కడా ఎంతోమంది పోయారు. 1868 ఒప్పందంతో మిగిలినవాళ్ళు మళ్ళీ తమ కొండల మధ్యకి నడిచొచ్చారు. క్యాథర్ ఆ దాడిని మెచ్చుకోలేదు నిజమే, కానీ ఆమె కథ బిషప్‌ది. ఒక్క ఆమె పుస్తకమే చదివి వెళ్ళినవాళ్ళు శాంటా ఫే చర్చి ముందు ఆగుతారు. కాన్యన్ డి షే దాకా పోవాలనిపించదు.

కారులో వినడానికి టోనీ హిల్లర్‌మన్. మావాడు పదో క్లాసు, నవల అంటే పారిపోతాడు, డిటెక్టివ్ కథంటే చెవులు రిక్కిస్తాడు. లీప్‌హార్న్, చీ అనే ఇద్దరు నవాహో పోలీసులు హిల్లర్‌మన్ నాయకులు. 1988లో వచ్చిన 'ఎ థీఫ్ ఆఫ్ టైమ్'లో పాత శిథిలాలు తవ్వి కుండలు దొంగిలించేవాళ్ళ వేట ఉంటుంది. హిల్లర్‌మన్ నవాహో కాదు, ఆల్బకర్కీలో పాఠాలు చెప్పిన పత్రికాయన. అయినా 1987లో నవాహో నేషన్ ఆయన్ని తమ ఆప్తుడిగా గౌరవించింది. వాళ్ళే మెచ్చారు కాబట్టి నాకు ధైర్యం. చాకో కాన్యన్‌లో వెయ్యేళ్ళ నాటి గోడల ముందు నిలబడ్డప్పుడు, నేల మీద కనపడిన పెంకుముక్కని జేబులో ఎందుకు వేసుకోకూడదో వాడికి నేను వేరే చెప్పే పని ఉండదు.

నాన్న సంగతి వేరు. ఆయన రిటైరైన హైస్కూలు మాస్టారు, మాది మాచర్ల వైపు. కొలరాడో నది గురించి చదువుతానంటే జాన్ వెస్లీ పావెల్ పుస్తకం ఇచ్చాను. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న ఈ మనిషి 1869లో నాలుగు పడవలతో, పదిమంది జట్టుగా, అప్పటికి పటం లేని ఆ లోయల్లోకి దిగాడు. ముగ్గురు గ్రాండ్ కాన్యన్ చివర్లో సుడులకి భయపడి గట్టెక్కి, ఆ పైన చంపబడ్డారు. పడవల్లోనే ఉండిపోయినవాళ్ళు బతికి బయటపడ్డారు.

"అమ్మాయ్, ఒంటిచేత్తో కొండెక్కి మధ్యలో ఇరుక్కున్నాడంట చూశావా! కిందికి దూకలేడు, పైకి చెయ్యందదు. పైనున్న జట్టువాడు బ్రాడ్లీ తన లోపలి పైజామా విప్పి వేలాడేస్తే దాన్ని పట్టుకుని ఎక్కాడంట!" అని వంటింట్లోకి వచ్చి మరీ చెప్పారు. భోజనాల దగ్గర మనవడికి మళ్ళీ మొదట్నుంచి.

పావెల్ తర్వాత ఎడ్వర్డ్ ఏబీ 'డెజర్ట్ సాలిటేర్' ఇచ్చాను. 1968 పుస్తకం. ఏబీకి రాళ్ళమీదున్న ప్రేమ మనుషుల మీద అంతగా కనపడదు. కానీ గ్లెన్ కాన్యన్ మునగబోయే ముందు రబ్బరు పడవలో అందులోంచి వెళ్ళొచ్చి రాసిన అధ్యాయం కోసం ఆ పుస్తకం చదవాలి. పేజ్ దగ్గర డ్యామ్ పని 1956లో మొదలైంది, 1963లో గేట్లు దించారు. వెనక నిలిచిన నీటికి పావెల్ పేరే పెట్టారు. కడుతున్నన్నాళ్ళూ పురావస్తు పరిశోధకులు మునిగిపోయే చోట్లన్నీ తిరిగి దొరికింది దొరికినట్టు రాసుకున్నారు, ఎత్తుకెళ్ళారు.

ఆ పేజీల దగ్గర నాన్న చాలాసేపు ఆగారు. ఆయన పిల్లవాడిగా ఉన్న రోజుల్లోనే నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి, 1954 నుంచి 1960 దాకా. నాగార్జునసాగర్‌కి నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. మా తాతయ్య నాన్నని ఎడ్లబండి మీద తీసుకెళ్ళి ఇక్ష్వాకుల విజయపురి ఇటుక వరసలు, స్తూపాల అడుగులు, మెట్లమెట్లుగా బయటపడ్డ రంగస్థలం చూపించాడట. ఆ రంగస్థలాన్నే తర్వాత అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టారు. అసలు చోటు నీళ్ళ అడుగున ఉంది.

కానీ నాన్న ఏబీతో ఒప్పుకోరు. "కాలవ రాకపోతే మా మెట్టచేలల్లో ఏం పండేది? నేను చదువుకునేవాణ్ణా? ఈయన జీతం తీసుకుని ఎడారి చూసి పోయినవాడు, పొలం చేసినవాడు కాదు" అన్నారు. నేను కొలరాడో నీళ్ళ పంపకం సంగతి చెప్పాను. 1922లో ఏడు రాష్ట్రాల వాళ్ళు కూర్చుని పంచుకున్నారు. వానలు బాగా పడిన ఏళ్ళ లెక్క పట్టుకుని నదిలో ఉన్నదానికన్నా ఎక్కువ నీళ్ళు రాసుకున్నారు. ఆ నది ఒడ్డున వాళ్ళందరికన్నా ముందునుంచీ ఉన్న తెగల్లో ఒక్కరినీ పిలవలేదు. నాన్న కళ్ళజోడు తీసి, "మరి వాళ్ళేమన్నారు? అది రాసిన పుస్తకం ఉందా?" అని అడిగారు.

దొరికింది పుస్తకం కాదు, కోర్టు తీర్పు. పావెల్ సరస్సు నీళ్ళు రెయిన్‌బో బ్రిడ్జి అనే రాతి కమాను కిందికి వచ్చాయి. నవాహోలకి అది పవిత్రమైన చోటు. తమ పూజలు సాగడం లేదని 1974లో వాళ్ళు కేసు వేశారు, 1980లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. ఆ తీర్పు లైబ్రరీలో ప్రింటు తీయించి ఇచ్చాను. నాన్న పెన్సిలు పట్టుకుని గీతలు గీస్తూ చదివారు. అన్నాల దగ్గర మావారితో, "అల్లుడుగారూ, ఆ వేగస్ లేకపోయినా పర్లేదు. రెయిన్‌బో బ్రిడ్జి దాకా పడవలు నడుస్తున్నాయేమో కాస్త కనుక్కోండి" అన్నారు. మావారు కనుక్కుంటున్నారు.