సున్నా ఉండాల్సిన చోట 256

నేను 2001లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్స్ నేర్చుకున్న బాపతు. మైత్రీవనం చుట్టుపక్కల జావా క్లాసుల్లో నిలబడ్డానిక్కూడా చోటు లేక, ఖాళీగా ఉన్న కోబాల్ క్లాసులో కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఏదైతేనేం, ఆ కోబాలూ జేసీఎలూ కలిసి పదిహేనేళ్ళు అన్నం పెట్టాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జాబ్ మాటిమాటికీ ఎస్322తో పడిపోయేది. కేటాయించిన సీపీయూ టైము దాటిపోయిందని సిస్టమే దాన్ని చంపేస్తోందన్నమాట. నేను మహా తెలివిగా జాబ్ కార్డులో టైమ్ అని ఉన్నచోట 1440 పెట్టేశాను. రోజుకి 1440 నిమిషాలే కానీ, అక్కడ ఆ అంకెకి అర్థం వేరు.. "అసలు లిమిటే లేదు, ఎంత కావాలంటే అంత వాడుకో" అని. మా లీడ్ చూసి పిలిచారు.

"లూపులో పడ్డ ప్రోగ్రాముని అది ఆపుతుంటే, ఆపొద్దని రాసిస్తావా? ఆ సీపీయూ బిల్లు నువ్వు కడతావా?"

వెళ్ళి చూస్తే నిజంగానే లూపు. ఫైలు అయిపోయిందో లేదో చూసే లైను నేనే కామెంట్ చేసి మర్చిపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా జూనియర్లందరికీ ఈ కథ చెప్పి, నేనేదో పుట్టుకతోనే పొదుపరినైనట్టు ఫోజు కొట్టాను. అందుకే ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది.

2022లో మా టీం రాత్రిపూట నడిచే రీకన్సిలియేషన్ జాబుల్ని మెయిన్‌ఫ్రేమ్ నుంచి ఏడబ్ల్యూఎస్ బ్యాచ్‌కి మార్చే పని మొదలెట్టింది. నాలాంటి జేసీఎల్ పక్షికి అది మరీ కొత్త లోకమేమీ కాదు. పెళ్ళివారి వంటశాల అనుకోండి. ఎన్ని పొయ్యిలు, ఏ సైజువి అన్నది కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్. ఏ వంట ముందు, ఏది తర్వాత అన్నది జాబ్ క్యూ. ఒక్కో వంటకి ఎంత సరుకు, ఎంత పెద్ద గిన్నె అని రాసిన చీటీ జాబ్ డెఫినిషన్. ఈ బ్యాచ్ సర్వీసుకంటూ వేరే ఛార్జీ ఏమీ లేదు, కిందున్న మిషన్లకే డబ్బులు. పని ఉంటే మిషన్లు లేస్తాయి, లేకపోతే పడుకుంటాయి. అయితే ఆ పడుకోవడం మనం పెట్టే ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది.. మినిమమ్ వీసీపీయూలు. అది సున్నా అయితే పని లేనప్పుడు ఒక్క పొయ్యీ వెలగదు. సున్నా కాకపోతే, వండేది లేకపోయినా అన్ని పొయ్యిలూ వెలుగుతూనే ఉండాలి. ఎన్విరాన్‌మెంట్‌ని డిసేబుల్ చేసినా సరే, ఆ కనీసాన్ని అది నిలబెడుతూనే ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. నేను చదివాను కూడా.

2023 జనవరి 13, శుక్రవారం. మర్నాడు భోగి. మధ్యాహ్నం ఒంటిగంటకి నా బస్సు, కోనసీమ వైపు. పొద్దున్నే ఆఫీసుకొచ్చింది ఒకే ఒక్క టెస్ట్ జాబ్ నడిపి చూసేసి పోదామని. మా టీంలో అప్పటికి మూణ్ణెల్ల క్రితం చేరిన ఒకమ్మాయి ఉంది, ఇంకా ప్రొబేషన్‌లోనే. ఆమెతో మిషన్ టైపు మార్పించాను, సీ5 ఫోర్ ఎక్స్‌లార్జ్‌కి. పదహారు వీసీపీయూలు, 32 జీబీ మెమరీ. మార్చేసి తను కూడా విజయనగరం బస్సెక్కడానికి వెళ్ళిపోయింది.

జాబ్ సబ్మిట్ చేశాను. రన్నబుల్ అని చూపిస్తూ కూర్చుంది. ఈ బ్యాచ్‌తో కాపురం చేసినవాళ్ళకి ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. రన్నబుల్ అంటే "నేను రెడీ" అని, కానీ ఎందుకు నడవట్లేదో అప్పట్లో చెప్పేది కాదు. సబ్‌నెట్ నుంచి బయటికి దారి లేకపోవచ్చు, ఇన్‌స్టన్స్ రోల్ తప్పయ్యుండొచ్చు, ఇంకేదైనా అయ్యుండొచ్చు. పావుగంట చూశాను. మిషన్లు లేవడానికి బద్ధకిస్తున్నాయి, నేనే లేపుతా అనుకుని మినిమమ్‌లో సున్నా తీసి 256 కొట్టాను. ఎందుకు 256 అంటే ఏం చెప్పను? మాక్సిమమ్‌లో ఆ అంకె కనిపించింది, అదే కొట్టాను. కాసేపటికి పదహారు మిషన్లు బుద్ధిగా లేచి నిలబడ్డాయి. జాబ్ మాత్రం ఇంకా రన్నబుల్‌లోనే!

అప్పుడు వెలిగింది. జాబ్ డెఫినిషన్‌లో మెమరీ 32768 ఎంబీ అని రాసుంది. మిషన్ 32 జీబీదే అయినా ఆపరేటింగ్ సిస్టమూ, కంటైనర్ ఏజెంటూ వాటి వాటా అవి తీసుకుంటాయి కదా. పది లీటర్ల బిందెలో పది లీటర్ల కడవని దించాలని చూస్తున్నానన్నమాట, బిందెలు పదహారు తెచ్చినా దిగుతుందా? 30000 చేశాను, వెంటనే కదిలింది. నలభై నిమిషాల్లో జాబ్ అయిపోయింది. అప్పటికి పన్నెండు. ల్యాప్‌టాప్ మూసేసి బస్టాండుకి పరుగు.

అరిసెలు తిన్నాను, కోడిపందాల వైపు వెళ్ళలేదని ఇంట్లో చెప్పాను. అక్కడ వర్జీనియాలో పదహారు మిషన్లు.. గంటకి 68 సెంట్ల చొప్పున, అంటే అన్నీ కలిపి గంటకి పదిన్నర డాలర్ల పైచిలుకు.. చేసే పనేమీ లేకుండా వెలుగుతూనే ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి మేనేజర్ కాల్ పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సరిగ్గా 120 గంటలు, 1300 డాలర్లు దాటింది. మన డబ్బుల్లో లక్ష పైమాటే. కంపెనీకి అదేమంత పెద్ద లెక్క కాదు, కానీ "క్లౌడ్‌కి వెళ్తే ఖర్చు తగ్గుతుంది" అని క్లయింటుకి స్లైడ్లు చూపించింది మేమే. ఎవరు మార్చారన్నది ప్రశ్న. లాగులో శుక్రవారం పొద్దున రెండు మార్పులున్నాయి, రెండూ ఒకే యూజర్ పేరుమీద. టెస్ట్ అకౌంటే కదా అని టీం మొత్తం ఒకే లాగిన్ వాడేవాళ్ళం (ఆ ఏర్పాటు కూడా నాదే లెండి). ఆ రోజు ఎన్విరాన్‌మెంట్ మార్చిందెవరని మేనేజర్ అడిగితే ఆ అమ్మాయి అమాయకంగా "నేనే మార్చాను సార్, మిషన్ టైపు" అంది. "చూసుకోవాలి కదమ్మా" అన్నాడాయన. కాల్ ముందుకెళ్ళిపోయింది.

నాకు ఆ క్షణానికే తెలుసు. 256 అన్న అంకె విన్నప్పుడే తెలిసిపోయింది. మ్యూట్ తీయడానికి చెయ్యి రాలేదు. అప్రైజల్ నెల కావడం ఒకటి, ఇరవై ఏళ్ళుగా ఆ 1440 కథ చెప్తూ తిరిగినవాణ్ణి కావడం ఇంకొకటి. లంచ్ చేసి చెప్దాం అనుకున్నా, లంచ్ అయ్యాక మేనేజర్ ఇంకో మీటింగులో ఉన్నాడని సరిపెట్టుకున్నా. అలా నాలుగయ్యింది.

టీ కోసం లేస్తే ఆ అమ్మాయి సీట్లో కూర్చుని మెయిల్ రాస్తోంది. నన్ను చూసి, "సార్, ఒకసారి చూస్తారా, ఇంగ్లీషు సరిగ్గా ఉందా?" అంది. మేనేజర్‌కి క్షమాపణ. మినిమమ్ మార్చినట్టు తనకి గుర్తు లేదుట, కానీ తనే పొరపాటున మార్చుంటుందిట. జీతంలోంచి కొంచెం కొంచెంగా పట్టుకోవచ్చని చివరి లైను.

"అది నువ్వు చెయ్యలేదు, నేను చేశాను. పంపకు" అన్నాను. ముందు నమ్మలేదు. తనని వెనకేసుకొస్తున్నాననుకుంది. పదిన్నరకి, అంటే తను వెళ్ళిపోయిన తర్వాత, రెండో మార్పు జరిగినట్టు లాగులో టైము చూపించాల్సొచ్చింది. చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా, "మరి పొద్దున కాల్‌లో..." అని ఆగిపోయింది. నా దగ్గర సమాధానం లేదు.

మేనేజర్ క్యాబిన్‌కి వెళ్ళి చెప్పాను. ఆయన పెద్దగా కోప్పడలేదు, "నువ్వా?" అన్నాడంతే. తిట్టినా బాగుండేది. తర్వాతి కాల్‌లో అందరి ముందూ నేనే చెప్పాను.

ఆ వారమే చాలా మార్చాం. ఎవరి లాగిన్ వాళ్ళకి, మినిమమ్ అన్నిచోట్లా సున్నా. ప్రతి జాబ్‌కీ టైమౌట్ కూడా పెట్టాం, మనం పెట్టకపోతే దానికి లిమిట్ ఉండదు (పాత 1440 వేషం మార్చుకొచ్చిందంతే). మళ్ళీ మొదటినుంచి నడిపినా ఫర్వాలేని జాబుల్ని స్పాట్ మిషన్ల మీదకి తోశాం. వాటిని రెండు నిమిషాల ముందు మాత్రమే చెప్పి లాక్కుంటారు కానీ, రేటు బాగా తక్కువ. ఆ ఏడాది అప్రైజల్ సంగతి అడక్కండి.

ఆ అమ్మాయి ప్రొబేషన్ పూర్తయ్యింది, ఇంకో ఏడాదిన్నర మాతోనే పని చేసింది. ఎప్పుడూ నాతో మర్యాదగానే ఉండేది. కానీ శుక్రవారం నాకంటే ముందు వెళ్ళాల్సొస్తే మాత్రం, అప్పటిదాకా తను చేసిన మార్పులన్నీ టైముతో సహా నాకు మెయిల్ పెట్టి, మేనేజర్‌ని కాపీలో ఉంచి, అప్పుడు బ్యాగు సర్దుకునేది.