ఏ రొట్టె పట్టుకుందాం?

మోకాళ్ల లోతు నీళ్లు. తలమీద కొంగు కప్పుకున్న ఆడవాళ్లు, రుమాలు చుట్టుకున్న మగవాళ్లు. అందరి చేతుల్లోనూ చపాతీలే. 'పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?' అని ఒకరు, 'ఉద్యోగం రొట్టె... ఉద్యోగం రొట్టె' అంటూ మరొకరు. ఏటా మొహర్రం వచ్చిందంటే నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర ఇదే సందడి. గట్టునే ఉన్న బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ ఇది.

పద్ధతి చాలా సులువు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు దాన్ని అందుకుని, దర్గా వైపు తిరిగి మొక్కుకుని తింటారు. అనుకున్నది జరిగితే మరుసటి ఏడు వాళ్లూ అదే రొట్టెతో వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. సంతానం, ఆరోగ్యం, చదువు, పెళ్లి, ఉద్యోగం, వ్యాపారం, సొంతిల్లు, విదేశీ ప్రయాణం... మనిషి కష్టాలు ఎన్నో రొట్టెలూ అన్ని!

బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. యుద్ధంలో నేలకొరిగిన పన్నెండు మంది వీరుల సమాధులు ఇక్కడున్నాయని నమ్మకం. ఈ సమాధుల మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమైందనీ, ఆ సంతోషంలో వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడే రొట్టెల ఆచారం మొదలైందనీ ఓ కథ చెబుతారు. కథ ఏదైనా, ఇప్పుడు వచ్చేవాళ్లలో ముస్లింలతోపాటు హిందువులూ ఎక్కువే. క్రైస్తవులూ వస్తారు. రొట్టె ఇచ్చేటప్పుడు నీ కులమేంటి, మతమేంటి అని అడిగేవాళ్లు ఉండరు. నీ కష్టమేంటి అన్నదే ప్రశ్న.

ముందు ఇంట్లో తేలాలి

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే కష్టం. ఓ మధ్యతరగతి ఇల్లు ఊహించుకోండి. తండ్రికి ఆపరేషన్ చేయించాలి. కూతురికి సంబంధాలు వస్తున్నాయి. కొడుకు పై చదువుకు ఫీజు కట్టాలి. ఉన్నది ఒకటే ఎకరం. దాన్ని అమ్మితే ఏదో ఒక పనే అవుతుంది. ఇలాంటి ఇంట్లో చాలా రోజులు ఎవరూ నోరు విప్పరు. తండ్రి తన నొప్పిని దాస్తాడు, కూతురు ఇప్పుడే పెళ్లొద్దంటుంది, తల్లి దేవుడి పటం ముందు కూర్చుంటుంది.

నెల్లూరు బయల్దేరాలంటే మాత్రం మాట్లాడుకోక తప్పదు. ఒక్కొక్కరూ ఒక్కో రొట్టె పట్టుకోవచ్చు. కానీ ఇంటిల్లిపాదీ కలిసి ఒక రొట్టె పట్టుకోవాలనుకుంటే ఏది ముందో, ఏది వెనకో తేల్చుకోవాలి. 'ముందు నాన్న ఆరోగ్యం' అని అందరూ అనుకున్నారంటే సగం నిర్ణయం అక్కడే అయిపోయినట్టు. కూతురి పెళ్లి ఓ ఏడాది ఆగుతుంది. కొడుకు బ్యాంకు రుణానికి దరఖాస్తు పెడతాడు. దేవుడి మీద భారం వేయడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. భయం వల్ల వాయిదా వేస్తున్న మాటను ధైర్యంగా పైకి అనగలగడం.

రొట్టెతోపాటు ఓ అనుభవం

చెరువులో ఇంకోటి కూడా జరుగుతుంది. ఆరోగ్యం రొట్టె ఇచ్చే మనిషి ఊరికే ఇచ్చి వెళ్లిపోడు. ఏ జబ్బు చేసింది, ఎంతకాలం పట్టింది, డబ్బు ఎలా సర్దుకున్నారు... నీళ్లలో నిలబడే చెబుతాడు. ఇలాంటి కష్టం దాటి వచ్చినవాళ్లు కళ్లెదుటే కనపడితే కలిగే ధైర్యం వేరు. పిల్లల్లేక అవమానాలు పడ్డ ఇల్లాలికి, చంకలో బిడ్డతో వచ్చిన మరో తల్లి రొట్టె ఇస్తుంటే ఇక ఓదార్పు మాటలెందుకు?

రొట్టె తిన్నాక మందులు మానేయమని పెద్దలెవరూ చెప్పరు. ఉద్యోగం రొట్టె తిన్న కుర్రాడు ఇంటికెళ్లి పరీక్షకు చదవాల్సిందే. అందరి కోరికలూ ఏడాదిలోనే తీరవు కూడా. తీరనివాళ్లలో కొందరు మళ్లీ వచ్చి అదే రొట్టె పట్టుకుంటారు. ఇంకొందరు ఈసారి వేరే రొట్టె అడుగుతారు. దొరకని దాని కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలి, ఎప్పుడు దారి మార్చుకోవాలి అన్నదీ ఆ ఇల్లు తేల్చుకోవాల్సిన మాటే.

ఆగని బాకీ

కరోనా వల్ల 2020, 2021లో ఇక్కడ జనం గుమిగూడే వీల్లేకపోయింది. రొట్టె ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వలేకపోయారు, కావాల్సినవాళ్లు అందుకోలేకపోయారు. సరిగ్గా ఇళ్లన్నీ కష్టాల్లో ఉన్న రోజులవి. 2022 ఆగస్టులో పండుగ మళ్లీ జరిగినప్పుడు చెరువు మళ్లీ నిండిపోయింది.

మొహర్రం చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి మన క్యాలెండర్‌లో పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. వెళ్లేవాళ్లు తేదీలు చూసుకుని బయల్దేరాలి. నెల్లూరు విజయవాడ-చెన్నై రైలు మార్గంలోనే ఉంది, దర్గా ఊళ్లోనే. చపాతీలు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు, అక్కడా అమ్ముతారు.

బజార్లో దొరకనిది ఒక్కటే... ఏ రొట్టె కావాలన్న నిర్ణయం. దాన్ని మాత్రం ఇంటి దగ్గరే, అందరూ కూర్చుని తయారుచేసుకోవాలి.