నాలుగో మూల

సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, "నేను వడ్రంగిని, నాకు రాయడం ఎక్కడ వస్తుంది" అన్నాను. "మీ పని గురించే రాయండన్నా" అన్నారు. సరే, పని గురించే రాస్తున్నాను. అందులో మీ ముందు ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉంది.

మన స్టడీ హాల్లో తలుపుకు ఎదురుగా ఉన్న అంబేద్కర్ పటం మీకందరికీ తెలుసు. దాని టేకు చట్రం నేను చేసిందే. 2012 ఏప్రిల్ 14న జయంతి రోజు తెచ్చి ఇచ్చాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ చట్రం మూలల్లో సందులున్నాయని, వాటిని రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన లప్పంతో పూడ్చి పాలిష్ కొట్టానని ఆ రోజు నేనొక్కడినే ఎరుగుదును.

ఎందుకు దాచానో కూడా చెప్పాలి. మా నాన్న కూలిమనిషి. మా ఇంట్లో కొడవలి, పార తప్ప మరో పనిముట్టు లేదు. 2003లో పదో తరగతి అయ్యాక నేను ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడు తీసుకుంటే, "మీ వాళ్లకు ఈ పని అబ్బుతుందా?" అన్నవాళ్లున్నారు. అలా పెరిగినవాడికి సందు కనిపిస్తే భయం. కనపడకుండా చేయడమే ముందు నేర్చుకున్నాను.

రెండేళ్ల క్రితం వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్లవాడొకడు పటం వైపు చూపించి, "అన్నా, ఆ మూలలో తెల్లగీత ఏమిటి?" అని అడిగాడు. లప్పం ఎండి, కుంచించుకుపోయి, గీత బయటపడింది. వాడికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. బస్సులో మాత్రం నిద్ర పట్టలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నా డిస్క్ సాండర్ ఉంది. పాత సామాన్ల కొట్లో కొన్నాను. 12 అంగుళాల ఇనుప పళ్లెం, దానికి అంటించిన ఉప్పు కాగితం, ముందు చిన్న బల్ల. రంపంతో కాస్త పొడుగ్గా కోసిన ముక్క కొసను దీనిమీద అరగదీసి కొలతకు తెస్తాం. పటం చట్రానికి నాలుగు ముక్కలు, ఎనిమిది కొసలు. ప్రతి కొసా 45 డిగ్రీలుండాలి. నేను బల్లమీది గేజీపై 45 అంకె దగ్గర ముల్లు పెట్టి, యంత్రాన్ని నమ్మి, అరగదీశాను.

లెక్క వేసి చూడండి. కొసకు అర డిగ్రీ తేడా వస్తే మూలకు ఒక డిగ్రీ, నాలుగు మూలలకు నాలుగు డిగ్రీలు. రెండడుగులు, అడుగున్నర చట్రంలో మూడు మూలలు గట్టిగా కలిపితే నాలుగో మూల దాదాపు అంగుళం ఎడంగా నిలబడుతుంది. తాడు కట్టి లాగి బిగిస్తే ఆ ఎడం నాలుగు మూలలకూ పంచుకుని, ఒక్కోచోట మిల్లీమీటరు సందు అవుతుంది. నేను పూడ్చింది దాన్నే.

ఊరికి వెళ్లగానే ప్లగ్గు పీకి యంత్రం ముందు కూర్చున్నాను. మొదట చేతిలోని మూలమట్టాన్నే పరీక్షించాను. ఇది నాకు ఐ.టి.ఐ.లో చెప్పింది కాదు, మన స్టడీ అవర్‌లో లెక్కల సారు చెప్పింది. నలుగురికి ఒక జామెట్రీ బాక్సు ఉండేది. అందులో సెట్‌స్క్వేర్ అంచు అరిగిపోయింది. సారు దానితో ఒక నిలువు గీత గీయించి, బోర్లించి అదే చోట మళ్లీ గీయించారు. రెండు గీతలూ కలిస్తే మట్టం మంచిది. విడిపోతే తప్పు రెట్టింపై కనిపిస్తుంది. నా మూలమట్టం బాగానే ఉంది.

తర్వాత ఉప్పు కాగితం ఊడదీసి పళ్లేన్ని థిన్నర్‌తో తుడిచాను. పాత జిగురు గడ్డలు ఊడాయి. బల్లకు ఒక చెక్క బిగించి, దానికి మేకు కొట్టి, మొన పళ్లేన్ని తాకీ తాకనట్టు పెట్టి, పళ్లేన్ని చేత్తో తిప్పాను. ఒకచోట గీసుకుంది, ఒకచోట వెలుతురు కనిపించింది. ఇరుసు మీద పళ్లెం బిగించే అల్లెన్ స్క్రూ వదులైంది. బిగిస్తే సరిపోయింది.

మూడోది బల్ల. మూలమట్టం బల్లమీద పెట్టి బోసి పళ్లేనికి ఆనించాను. కాగితం మీద ఆనిస్తే గరుకు వల్ల కొలత మోసం చేస్తుంది. స్కేలు మీద ముల్లు సున్నా చూపిస్తోంది, మట్టం కింద మాత్రం సందుంది. బల్ల సరిచేసి, ముల్లును సున్నాకు జరిపి బిగించాను.

అసలు దొంగ నాలుగోచోట దొరికాడు. గేజీ నడిచే గాడి పళ్లేనికి సమాంతరంగా ఉండాలి. పళ్లెం మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. గేజీకి బిగించిన పుల్ల కొస ఎడమవైపు ఆ చుక్కను తాకేలా పెట్టి, చుక్కను కుడివైపుకు తిప్పి, గేజీని అక్కడికి జరిపి చూశాను. రెండువైపులా ఒకే చుక్క కాబట్టి పళ్లెం వంకర ఉన్నా కొలతను చెడపదు. కుడివైపు రెండు మిల్లీమీటర్ల ఎడం! బల్ల కింది నాలుగు బోల్టులు వదులు చేసి, కొయ్య సుత్తితో కొద్దికొద్దిగా తట్టి, సమం చేసి బిగించాను. బల్లకూ కాగితానికీ మధ్య మిల్లీమీటరున్నర మించి ఖాళీ ఉంచలేదు. ఎక్కువుంటే చిన్న ముక్కను లోపలికి లాగేస్తుంది.

కొత్త కాగితం అంటించి వృథా చెక్క ముక్కలు అరగదీశాను. రెండు ముక్కల 45 కొసలు కలిపి మూలమట్టంలో పెడితే వెంట్రుకవాసి వెలుతురు కూడా రాలేదు. అయినా నమ్మక ఎనిమిది కొసలూ చేసి చిన్న చట్రం కూర్చాను. నాలుగో మూల, జిగురు లేకుండానే, చేత్తో నొక్కితే కలిసింది. పది పన్నెండేళ్లు నా చేతిదే తప్పనుకుని సిగ్గుపడ్డాను. చేతిది కాదు. పరీక్షించకుండా నమ్మడం నాది.

ఈ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు రెండు ముక్కలు. పళ్లెం కిందికి దిగేవైపే చెక్క ఆనించండి. పైకి లేచేవైపు ఆనిస్తే ఎగిరి ముఖాన కొడుతుంది. మాస్కు లేకుండా అరగదీయకండి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థే తేల్చింది.

ఈసారి వార్షికోత్సవానికి కొత్త చట్రం తెస్తున్నాను. లప్పం చుక్క కూడా లేదు. పాత చట్రం పారేయకండి, నాకివ్వండి. షెడ్డులో సాండర్ పైన తగిలించుకుంటాను. ఆ ఏడో తరగతి పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదిలో ఉండాలి. కొత్త చట్రాన్ని ముందుగా వాడి చేతికిచ్చి, నాలుగు మూలలూ చూడమంటాను.