ఒక బకెట్టు నీళ్ళు

ఫ్లష్ నెమ్మదిస్తే మన ఇళ్ళలో వినిపించే మొదటి తీర్పు "పైపు జామ్ అయింది" అని. రెండోది ప్లంబర్ ఇచ్చేది: "కమోడ్ మార్చేయాలి సార్." మా ఇంట్లోనూ ఇదే వరస. కమోడ్ పీకి, టైల్స్ పగలగొట్టి కొత్తది బిగించడానికి వారం పడుతుందన్నాడు. డబ్బు సంగతి తర్వాత, మోకాలి ఆపరేషన్ అయిన నాన్న ఆ వారం ఎక్కడికెళ్ళాలి? రెండో బాత్రూంలో ఉన్నది ఇండియన్ టాయిలెట్.

అసలు సంగతి అమ్మ చెప్పింది. "సాయంత్రం ఆరు దాటితే మీ నాన్న మంచినీళ్ళు ముట్టట్లేదురా." రాత్రి లేస్తే ఫ్లష్ పనిచెయ్యదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో బకెట్టు ఎత్తి పొయ్యాలి. నన్ను లేపడం ఆయనకి నామోషీ. అడిగితే, "దాహం వెయ్యట్లేదులేరా" అన్నాడు. గుంటూరు మనిషికి ఏప్రిల్లో దాహం వెయ్యట్లేదట!

పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసుకునే అలవాటు నాది. నేను చదివిన కథల్లో ముసలి తండ్రుల ఒంటరితనం కావలసినంత ఉంది. అర్ధరాత్రి బకెట్టు ఎత్తలేని తండ్రి మాత్రం తారసపడలేదు.

యూట్యూబ్‌లో వెతికితే నాకు దొరికినవన్నీ అమెరికా వీడియోలే. అక్కడి కమోడ్లు చాలావరకు సైఫన్ రకం. వెనక మలుపు నీళ్ళతో నిండిపోయి, కింది బరువే మిగతాదాన్ని లాక్కుపోతుంది. మన దగ్గర ఎక్కువగా ఉండేవి వాష్‌డౌన్ రకం. లాగేదేమీ ఉండదు, పైనుంచి పడే నీళ్ళే తోసుకుపోవాలి. 6 లీటర్లూ ఒక్కసారిగా దూకితే పనవుతుంది. అవే 6 లీటర్లు తీరిగ్గా కారితే ఆ మలుపు దాటవు. (ఆ మలుపులో నిలిచే నీళ్ళే ఇంట్లోకి కంపు రాకుండా ఆపేది. 1775లో దానికి పేటెంట్ తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ వృత్తిరీత్యా వాచ్‌మేకర్!)

ఆఫీసులో బగ్ దొరక్కపోతే ప్రోగ్రామ్‌ని సగానికి విడగొట్టి, తప్పు ఏ సగంలో ఉందో చూస్తాం. ఇక్కడ ఆ పరీక్ష నాన్న రోజూ చేస్తూనే ఉన్నాడు. ఆయన బకెట్టు పోసిన ప్రతిసారీ అంతా శుభ్రంగా పోతోంది. అంటే మలుపూ పైపూ బాగానే ఉన్నట్టు. తప్పు అంతకంటే పైన, ట్యాంకుకీ బేసిన్‌కీ మధ్య ఎక్కడో ఉండాలి.

ట్యాంకు మూత తీశాను. నీళ్ళు గీత దాకా ఉన్నాయి. బటన్ నొక్కితే వాల్వ్ పూర్తిగానే లేస్తోంది. ఇక మిగిలింది బేసిన్ అంచు. దాని కింద వరసగా చిన్న రంధ్రాలుంటాయి, నీళ్ళు దిగేది వాటిలోంచే. అమ్మ బొట్టు అద్దం కింద పెట్టి, ఫోన్ లైటు వేసి చూస్తే ముప్పాతిక భాగం పూడిపోయి ఉన్నాయి. ఇడ్లీ పాత్ర అడుగున కట్టే తెల్ల పొర ఉంటుందే, అదే. బోరు నీళ్ళలోని కాల్షియం.

దాన్ని కరిగించడానికి నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, టిష్యూలు తడిపి అంచు కింద అతికించి రాత్రంతా వదిలేశాను. మరుగుతున్న నీళ్ళు పొయ్యకూడదు, పింగాణీ పగలొచ్చు. తొందరపడి యాసిడ్, బ్లీచింగ్ కలిపి పోసేవాళ్ళున్నారు. క్లోరిన్ వస్తుంది, తలుపేసిన బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది. పొద్దున వైరు ముక్కతో పొడిస్తే పెచ్చులు రాలాయి. రెండు రాత్రులు పట్టింది.

మూడో రోజు బటన్ నొక్కితే ఆ చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. నాన్న ఏమీ అనలేదు. రాత్రి మంచం పక్కన చెంబు పెట్టించుకున్నాడు.

బోరు నీళ్ళు మారవు కాబట్టి పొర మళ్ళీ కడుతుంది. ఇప్పుడు మా క్యాలెండర్లో ప్రతి నెలా మొదటి ఆదివారం దగ్గర నాన్న చేతిరాతతో "ని.ఉ." అని ఉంటుంది. శనివారం నుంచే గుర్తుచేస్తుంటాడు.