బండి ఎక్కడ ఆగిందన్నదే లెక్క

మెల్‌బోర్న్ నగరానికి పడమట వెస్టర్న్ రింగ్ రోడ్డు దాటి బౌండరీ రోడ్డు పట్టుకుంటే డెరిమట్, లావర్టన్ నార్త్, ట్రుగనైనా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కిటికీల్లేని పొడవాటి గోదాములు, వాటి ముందు నిలిపిన ట్రెయిలర్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కించిన కంటెయినర్లు తప్ప ఇక్కడ కంటికి వేరే ఏమీ ఆనదు. రేవులో దిగిన సరుకు ఈ గోదాములకు చేరి, ఇక్కడి నుంచి సూపర్‌మార్కెట్లకూ, సిడ్నీ, అడిలైడ్ దారుల్లోకీ వెళ్తుంది. పక్కనే ఉన్న టార్నీట్‌లోనూ ట్రుగనైనా ఇళ్ల మధ్యా తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. సొంతంగా ఒక వ్యానో ట్రక్కో కొనుక్కుని రవాణాలో దిగాలనుకునే వాళ్లు వాళ్లలో ఉన్నారు. నేను చూడ్డానికి వెళ్లింది ఆ గోదాముల మధ్యనున్న ఒక చిన్న రవాణా సంస్థ డిపో. కొన్ని సెమీ ట్రెయిలర్లు, కొన్ని చిన్న ట్రక్కులు, సూపర్‌వైజర్లు వాడే యూట్‌లు (వెనక తొట్టి ఉండే పికప్ బళ్లు) ఉన్నాయి. అన్నిటికీ జీపీఎస్ ట్రాకర్లు బిగించారు. ట్రాకర్ పెడితే ఖర్చు తగ్గుతుందని అమ్మేవాళ్లందరూ చెబుతారు. తగ్గే మాట నిజమైతే ఆ డబ్బు సరిగ్గా ఎక్కడ మిగులుతుందో తేల్చుకోవాలని వెళ్లాను. ఖర్చు నిజంగానే తగ్గుతుంది. అయితే డ్రైవర్‌కు కాపలా కాసినందువల్ల మిగిలేది కొంచెమే, ఆఫీసు తన పద్ధతులు మార్చుకుంటే మిగిలేదే ఎక్కువ.

పరికరం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. స్టీరింగ్ కింద మెకానిక్ రీడర్ తగిలించే పోర్టుకు గుచ్చిన చిన్న నల్ల డబ్బా, అందులో ఒక సిమ్ కార్డు. 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలతో తాను ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఆ వివరాన్నీ, ఇంజిన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, బండి ఎంత వేగంలో ఉంది అన్నదాన్నీ మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఆఫీసుకు పంపుతుంది. సామాన్యులు వాడే జీపీఎస్ సంకేతాన్ని అమెరికా కావాలని మసకబార్చి ఉంచేది. 2000 మే 2న ఆ పద్ధతి ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా తేడా చూపించిన పరికరం ఆ తర్వాత బండి గోదాము ఏ గేటు దగ్గర నిలబడిందో చెప్పగలిగింది. వ్యాపారానికి పనికొచ్చే సంగతి ఈ గేటు దగ్గరే ఉంది.

డిపోలో ట్రక్కులకు పనులు పంచే ఉద్యోగిని ఇక్కడ అలొకేటర్ అంటారు. ఆయన ముందున్న తెర మీద ఒక ట్రక్కు రోజంతా నడిచిన తీరును గీతగా చూశాను. బండి కదిలినప్పుడు గీత పైకి లేస్తుంది, ఆగితే నేలకు అంటుకుంటుంది. ఇంజిన్ ఆపేస్తే ఆ భాగం బూడిద రంగులోకి మారుతుంది, ఆపకుండా నిలబడితే నారింజ రంగులో మెరుస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ల కన్ను ముందు వేగం మీద పడుతుంది. రవాణా తెలిసినవాళ్లు నారింజ రంగును వెతుకుతారు. పెద్ద ట్రక్కు నిలబడి ఇంజిన్ నడుపుతుంటే గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ కాలుతుంది. రోజుకు ఒక గంట, ఏడాదికి 250 పని దినాలు వేసుకుంటే ఒక బండి మీద 750 లీటర్లు. పది బళ్ల మీద 7,500 లీటర్లు. లీటరు 1 డాలరు 80 సెంట్లనుకుంటే 13,500 డాలర్లు ఒక్క మైలు కూడా నడవకుండానే పొగగొట్టం నుంచి పోయినట్టు.

ఇక్కడే చాలామంది యజమానులు తప్పుదారి పడతారు. నారింజ రంగు కనబడగానే డ్రైవర్‌ను పిలిచి నిలదీస్తారు. ఆ తెర మీద గీతను మ్యాపుతో కలిపి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. బండి ఆగింది టీ కొట్టు దగ్గర కాదు, ఒక సూపర్‌మార్కెట్ గోదాము గేటు ముందు. వారం వారం అదే గేటు, ఇంచుమించు అదే వేళ. ఆ వేళకే అక్కడికి పది కంపెనీల బళ్లు చేరతాయి, వరస కదలదు. జనవరిలో ఎండ 40 డిగ్రీలు దాటే మెల్‌బోర్న్‌లో క్యాబిన్‌లో కూర్చున్న మనిషి ఏసీ కోసం ఇంజిన్ నడుపుతాడు. నడపాలి కూడా. అతన్ని తిట్టి ఇంజిన్ ఆపించడం పొదుపు కాదు, అన్యాయం. బండిని గంట ఆలస్యంగా పంపడమో, ఆ ఖాతాదారుతో మాట్లాడి అన్‌లోడింగ్ వేళ మార్పించుకోవడమో ఆఫీసు పని. అదీ కుదరకపోతే వెయిటింగ్ చార్జి బిల్లులో వేయాలి. మా వాళ్లు చాలాసేపు నిలబడ్డారండీ అని నోటి మాటగా చెబితే ఏ ఖాతాదారూ పైసా ఇవ్వడు. బండి 9.10కి గేటు ముందుకొచ్చి 11.25కి కదిలిందన్న రికార్డు చూపిస్తే బేరానికి బలం వస్తుంది.

రేవు దగ్గర ఈ లెక్క ఇంకా ముదురుతుంది. మెల్‌బోర్న్ రేవులో స్వాన్‌సన్ డాక్ మీద ప్యాట్రిక్, డీపీ వరల్డ్ టెర్మినళ్లు నడుస్తాయి, వెబ్ డాక్‌లో 2017లో మొదలైన ఆటోమేటిక్ టెర్మినల్ ఉంది. కంటెయినర్ తేవాలంటే ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ వేళకు బండి చేరకపోతే రుసుము కట్టాలి, కొత్త స్లాట్ కోసం మళ్లీ కాచుకోవాలి. వెస్ట్‌గేట్ వంతెన మీద ట్రాఫిక్ ఇరుక్కున్న పొద్దున ఏ బండి స్లాట్‌కు అందుతుందో, ఏది అందదో గంట ముందే తెలిస్తే అలొకేటర్ దగ్గర్లో ఉన్న మరో బండిని పంపగలడు. తెలియకపోతే డ్రైవర్లకు వరసగా ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఫోన్ చేయడం ఖర్చు కన్నా పెద్ద ప్రమాదం. ఇక ఖాళీగా తిరిగొచ్చే దూరం ఉంది. లోడు దించి ఉత్త ట్రెయిలర్‌తో డిపోకు రావడం మన లారీ ఆఫీసులకూ తెలిసిన నష్టమే. నెల రోజుల దారులు ఒకే మ్యాపు మీద పరిస్తే ఏ దారిలో బళ్లు ఎప్పుడూ ఉత్తగా తిరిగొస్తున్నాయో కనిపిస్తుంది. తిరుగు లోడు ఎక్కడ వెతకాలో అప్పుడు తెలుస్తుంది. ఏ బండి రోజులో సగం యార్డులోనే పడి ఉంటోందో కూడా అందులోనే తేలుతుంది. ఆ బండిని అమ్మేస్తే రిజిస్ట్రేషన్, బీమా, సర్వీసింగ్, వడ్డీ అన్నీ ఒకేసారి తగ్గుతాయి. డీజిల్ మీద ఏడాదంతా చేసే పొదుపు కన్నా ఆ ఒక్క అమ్మకంతో మిగిలేది ఎక్కువ కావచ్చు.

ఆస్ట్రేలియాలో ట్రాకర్ రికార్డుకు పన్నుల లెక్కలోనూ విలువ ఉంది. డీజిల్ మీద కట్టిన ఎక్సైజ్ సుంకంలో కొంత భాగాన్ని వ్యాపారాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు 2006 జూలై 1 నుంచి ఉంది. దాన్ని ఫ్యూయల్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. మొత్తం బరువు 4.5 టన్నులు దాటిన బండి ప్రభుత్వ రోడ్డు మీద నడిస్తే సుంకంలోంచి రోడ్డు వాడకం రుసుము మినహాయించుకుని మిగిలింది ఇస్తారు. ఆ రుసుము 2024 జూలై 1న లీటరుకు 30.5 సెంట్లు, 2025 జూలై 1న 32.4 సెంట్లు అయింది. అదే డీజిల్ యార్డు లోపలో, క్వారీలోనో కాలితే ఆ మినహాయింపు లేదు. కాంక్రీటు మిక్సర్ డ్రమ్ము తిప్పడానికి, చల్లటి సరుకు మోసే ట్రక్కులో రిఫ్రిజిరేషన్ యంత్రం నడపడానికి ఖర్చయిన ఇంధనానికి కూడా మినహాయింపు లేకుండా క్రెడిట్ దొరుకుతుంది. అంటే ఒకే ట్యాంకులో పోసిన డీజిల్‌కు అది ఎక్కడ, దేనికి కాలిందన్నదాన్ని బట్టి ఆ రేట్ల లెక్కన లీటరుకు ముప్ఫై సెంట్లకు పైగా తేడా వస్తుంది. యార్డులో ఎంతసేపు, రోడ్డు మీద ఎంతసేపు అన్నది మనిషి జ్ఞాపకం మీద తేలే లెక్క కాదు. 2022 మార్చి 30 నుంచి సెప్టెంబరు 28 దాకా ప్రభుత్వం సుంకాన్ని సగానికి, 22.1 సెంట్లకు తగ్గించినప్పుడు అది రోడ్డు రుసుము కన్నా తక్కువైపోయి, రోడ్డు మీద నడిచిన భారీ బళ్లకు క్రెడిట్ పూర్తిగా ఆగిపోయింది. ఆ ఆరు నెలలూ రోడ్డు బయటో, అలాంటి యంత్రాలకో కాలిన డీజిల్ లెక్క ఉన్నవాళ్లకే ఏదో ఒకటి దక్కింది. అయితే ఏడాదికి 10,000 డాలర్ల లోపు క్లెయిమ్ చేసే చిన్నవాళ్లకు పన్నుల శాఖే సులువైన లెక్క పద్ధతులు ఇచ్చింది, వాళ్లు ఈ ఒక్క కారణంతో ట్రాకర్ కొనక్కర్లేదు. యూట్‌ల సంగతి వేరు. ఉద్యోగి కంపెనీ బండిని సొంత పనికి వాడితే యజమాని ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ కట్టాల్సి రావచ్చు. పని కోసం ఎంత తిరిగిందో వరసగా 12 వారాలు లాగ్‌బుక్ రాస్తే, వాడకంలో మార్పు లేనంతవరకూ అది అయిదేళ్లు చెల్లుతుంది. ట్రాకర్ ఉంటే ఆ 12 వారాల్లో ఒక్క ప్రయాణం కూడా జారిపోదు.

డ్రైవర్ల అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. రోజంతా ఎవరో భుజం మీదుగా చూస్తున్నట్టుంటే ఏ మనిషికీ పని మీద గౌరవం మిగలదు. ఈ మాటను నేను కొట్టిపారేయను. ఆస్ట్రేలియా చట్టం కూడా కొట్టిపారేయలేదు. న్యూసౌత్‌వేల్స్‌లో 2005 నాటి వర్క్‌ప్లేస్ సర్వైలెన్స్ చట్టం ప్రకారం ట్రాకింగ్ మొదలుపెట్టే ముందు ఉద్యోగికి 14 రోజుల ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి, బండిని ట్రాక్ చేస్తున్నట్టు కనబడేలా దాని మీద నోటీసు అంటించాలి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో 1999 నాటి చట్టం ప్రకారం సంబంధిత వ్యక్తి అంగీకారం లేకుండా అతని మీద ట్రాకింగ్ పరికరం వాడటం నేరం. పని వేళలు దాటాక యజమాని పిలుపులకు జవాబివ్వకుండా ఉండే హక్కు 2024 ఆగస్టు 26న వచ్చింది, చిన్న సంస్థల్లో మరుసటి ఏడాది అదే తేదీన అమలైంది. ఇంటికి తీసుకెళ్లే యూట్‌లో సాయంత్రం తర్వాత ట్రాకింగ్ ఆగే మీట ఉండాలన్నది నా అభిప్రాయం.

ఈ రికార్డు డ్రైవర్ మెడకే కాదు, ఆఫీసు మెడకూ చుట్టుకుంటుంది. భారీ వాహనాల జాతీయ చట్టం 2014 ఫిబ్రవరి 10న అమల్లోకి వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ తప్ప మిగతా రాష్ట్రాల్లో అది నడుస్తోంది. 2018 అక్టోబరు 1 నుంచి దాని కింద డ్రైవర్‌తో పాటు షెడ్యూలు వేసినవాళ్లు, లోడు ఎత్తించినవాళ్లు, యజమాని కూడా భద్రతకు బాధ్యులు. మామూలు నిబంధనల్లో 12 టన్నులు దాటిన ట్రక్కు డ్రైవర్ 24 గంటల్లో 12 గంటలకు మించి పని చేయకూడదు, వరసగా 7 గంటల విశ్రాంతి తీసుకోవాలి. గేటు ముందు రెండు గంటలు పోయినా అదే షెడ్యూలుకు చేరాలని ఆఫీసు పట్టుబడితే, ఆ రెండు గంటలు ఆఫీసు సొంత తెర మీదే నమోదై ఉంటాయి. మాకు తెలియదనడానికి ఇక వీల్లేదు. అలసిన డ్రైవర్‌కు ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. అయితే పని, విశ్రాంతి వేళలు రాసే వర్క్ డైరీకి ట్రాకర్ బదులు కాదు. స్థావరం నుంచి 100 కిలోమీటర్లు దాటి వెళ్లే డ్రైవర్ తన డైరీని వేరుగా రాసుకోవలసిందే.

ఫోన్‌లో మ్యాపు ఉండగా మళ్లీ ఈ డబ్బా ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఒకే బండిని తానే నడుపుకునే యజమానికి అక్కర్లేదు. తాను ఎక్కడ ఆగాడో తనకే తెలుసు. బళ్లు అయిదారు దాటి, నడిపేది వేరే వాళ్లయినప్పుడే దీని అవసరం మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో జనం ఉన్నచోట నెట్‌వర్క్ ఉంటుంది గానీ భూభాగంలో ఎక్కువ మేర సిగ్నల్ లేదు. అడిలైడ్ దాటి నల్లార్బర్ మైదానం మీదుగా పెర్త్ వెళ్లే బండికి సమాచారాన్ని దాచుకుని సిగ్నల్ దొరకగానే పంపే పరికరమో, ఉపగ్రహ కనెక్షనో కావాలి. 2024 అక్టోబరు 28 నుంచి టెల్‌స్ట్రా, ఆప్టస్ తమ 3జీ సేవలు ఆపేశాయి, 3జీ మీదే నడిచే ట్రాకర్లన్నీ ఆ తర్వాత పనికిరాకుండా పోయాయి. మన భారతదేశంలో 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాలకు ట్రాకరూ ఎమర్జెన్సీ బటనూ ఉండాలని నిబంధన వచ్చింది. పెట్టమన్నారు కనుక పెట్టి, రికార్డు వైపు కన్నెత్తి చూడకపోతే ఎక్కడైనా అది దండగ ఖర్చే.

రవాణాలోకి దిగుతున్న తెలుగువాళ్లకు నా మనవి ఒకటుంది. ముందు ఒకటి రెండు బళ్లకే పెట్టి 12 వారాలు చూడండి. వచ్చిన రికార్డును డ్రైవర్‌తో కలిసి కూర్చుని చదవండి, ఏ గేటు దగ్గర ఎందుకు ఆగాడో అతన్నే చెప్పనివ్వండి. అమ్మకందారు 36 నెలల కాంట్రాక్టు ముందు పెడితే, మధ్యలో బండి అమ్మేస్తే కట్టాల్సింది ఎంతో అడగండి. చిన్న వ్యాపారాల మీద రుద్దే అన్యాయమైన షరతులకు 2023 నవంబరు 9 నుంచి ఇక్కడ భారీ జరిమానాలున్నాయి. పరికరం 4జీ మీద నడుస్తుందా, సిగ్నల్ లేనిచోట సమాచారం దాచుకుంటుందా, మీ రికార్డు కాంట్రాక్టు ముగిశాక కూడా మీ చేతికి వస్తుందా అన్న మూడింటికీ రాతపూర్వకంగా జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.