రెండో జత కొమ్ములు

మా తాత అడవిదున్న కొమ్ములు చూరుకింద గుడ్డలో చుట్టి ఉండేవి. పెళ్లికో, భూమి పండక్కో తప్ప దించేవాడు కాదు. నేను టీచరైన కొత్తలో ఒక పెద్దమనిషి మా మండలానికి వస్తున్నాడంటే, పిల్లలతో స్వాగతం చెప్పిద్దామని ఆ కొమ్ములు అడిగి తెచ్చాను. రెండు గంటలు ఎండలో నిలబెట్టాం. ఆయన కారు దిగి, ఫొటో దిగి వెళ్లిపోయాడు. రాత్రి కొమ్ములు తిరిగి ఇస్తే తాత ఏమీ అనలేదు. తుడిచి, మళ్లీ గుడ్డ చుట్టాడు.

కొమ్ములాట మన కోయోళ్లకే ఉందనుకునేవాణ్ని. ఇంగ్లండులోనూ ఉందని ఈ మధ్యనే చదివాను. స్టాఫర్డ్‌షైర్‌లో ఆబట్స్ బ్రామ్లీ అనే పల్లె. ఏటా సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున్నే ఊరి చర్చిలోంచి 6 జతల కొమ్ములు బయటికి తెస్తారు. అవి రెయిన్‌డీర్ అనే చలిదేశపు జంతువువి. అన్నిటికంటే బరువైన జత 11 కిలోల పైనే. మనలా తలకు కట్టుకోరు. చెక్క తలకు బిగించి, పిడి పట్టుకొని మోస్తారు.

కొమ్ములవాళ్లు ఆరుగురు. వాళ్లతో ఒక హాస్యగాడు, కొయ్యగుర్రం వేషగాడు, విల్లు పట్టిన కుర్రాడు, ఆడవేషం కట్టిన మగవాడు, వాయించేవాళ్లు ఇద్దరు. ఎదురెదురు వరసలుగా ముందుకొచ్చి, వెనక్కి తగ్గుతారు. ఇళ్ల ముందు, పొలాల్లోని ఇళ్ల దగ్గర ఆడుతూ రోజంతా మైళ్లకు మైళ్లు తిరిగి, సాయంత్రం కొమ్ములను మళ్లీ చర్చికి చేరుస్తారు. 1686లోనే రాబర్ట్ ప్లాట్ ఈ ఆట గురించి రాశాడు. ఆటకు వచ్చిన డబ్బు చర్చి మరమ్మతుకూ, ఊళ్లోని పేదలకూ వాడేవారట. 1976లో ఒక కొమ్మును పరీక్షిస్తే 11వ శతాబ్దం నాటిదని తేలింది.

ఒక సంగతి దగ్గర మాత్రం ఆగిపోయాను. బయట ఊళ్లలో ఆడాల్సి వస్తే వాళ్లు వేరే దుప్పి కొమ్ములు తీసుకెళ్తారట. పాతవి ఊరి పండగకే.

తాత మౌనానికి అర్థం అప్పుడు తెలిసింది. ఆయన ఆడొద్దనలేదు. పిలిచినవాళ్లందరి ముందూ అవే కొమ్ములా అని బాధపడ్డాడు. ఇప్పుడు అడవిదున్నను వేటాడటం నేరం. ఉన్నవి పోతే మళ్లీ రావు.

ఇప్పుడు తాత లేడు. పోయిన ఆగస్టు 9న స్టేజీ మీద ఆడటానికి మా బడి పిల్లలతో వెదురుతో, అట్టతో కొమ్ములు చేయించాను. భూమి పండక్కి మాత్రం తాతవి దించాం. తలకు కట్టుకున్న ఒక పిల్లాడు, "ఇవి ఇంత బరువా సార్!" అన్నాడు. ఆ బరువు వాడికి తెలియాలనే నా కోరిక.