విమానం ఎక్కకుండా శంషాబాద్: ఒక రోజు, ఆరు పూటలు

ఉద్యోగంలో చేరిన ఈ ఆరేళ్లలో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఓ ముప్పై సార్లు వెళ్లి ఉంటాను. శంషాబాద్‌కు మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు. నమ్మరా? మీ సంగతీ అదే అయి ఉంటుంది, ఆలోచించండి. గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కడం, హిమాయత్ సాగర్ పక్కన ఓ సెల్ఫీ, టోల్, ఎయిర్‌పోర్టు. మధ్యలో ఒక ఊరుందనే గుర్తుండదు.

ఈ మాట అన్నది మా నాయిన. "ఎయిర్‌పోర్టు ఎరుకనే గానీ, ఊరు ఎరుక లేదురా నీకు" అన్నాడు ఓసారి.

ఆయనకు ఎరుకే. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారినప్పుడు నాయిన సెకండ్ హ్యాండ్ ఇండికా కొన్నాడు. మాది షాద్‌నగర్. అప్పుడు నాకు పదకొండేళ్లు. 2019లో నాకు ఉద్యోగం వచ్చేదాకా, పదకొండేళ్ల పాటు, ఆయన ఎయిర్‌పోర్టు ట్రిప్పులే కొట్టాడు. ఆ పదకొండేళ్లూ రాత్రిపూట ఫోన్‌లో అమ్మ అడిగే ప్రశ్న ఒకటే: "తిన్నవా?" ఆయన జవాబూ ఒకటే: "ఆ, తిన్న."

ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో నేనెప్పుడూ అడగలేదు. మొన్న అక్టోబర్‌లో ఓ శనివారం అడిగాను. "పోయి చూద్దాం పా" అన్నాడు. రూల్స్ రెండే. టెర్మినల్ లోపల తినకూడదు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఆగిన చోట్లే ఆగాలి.

ఉదయం 6: బండి మీద బోండా

నేను గచ్చిబౌలి నుంచి కారులో, ఆయన షాద్‌నగర్ నుంచి ఆర్టీసీ బస్సులో. శంషాబాద్ బస్టాండ్ దగ్గర కలిశాం. పాత బెంగళూరు హైవే మీద పుట్టి పెరిగిన ఊరిది. పైగా నవాబులకు 'షమ్సుల్ ఉమ్రా' అనే బిరుదు ఉండేది, ఊరి పేరు అందులోంచే వచ్చిందని చెప్తారు. నవాబుల సంగతి ఏమో గానీ, పొద్దున ఆరింటికి ఈ ఊరిని ఏలేది టిఫిన్ బండ్లే.

గుంపు ఎక్కువున్న బండిని కాదు, క్యాబులు ఎక్కువ ఆగిన బండిని వెతకమన్నాడు నాయిన. "డ్రైవర్లు రెండోసారి ఆగిన్రంటే నూనె మంచిదున్నట్టు. కడుపు చెడితే డ్యూటీ పోతది గదా." ఏ రివ్యూ యాప్‌లోనూ ఇంత మంచి లాజిక్ చూడలేదు నేను.

మైసూర్ బోండా అప్పుడే మూకుట్లోంచి దిగింది. పైన కరకర, లోపల దూది. పల్లి చట్నీ పల్చగా, పోసుకోవడానికి వీలుగా ఉంది. పక్కన ఎర్ర అల్లం చట్నీ చెంచాడు. నేను బోండాలు అయిపోగొట్టి ఇడ్లీ కూడా చెప్పాను. నాయిన రెండు ఇడ్లీలతో ఆపాడు. ఆయనకు షుగర్. జేబులోంచి గోలీ తీసి వేసుకున్నాడు. ఇద్దరికీ కలిపి 100 రూపాయలు.

ఉదయం 8: చాయ్, ఇంకా క్యూ పాఠం

రెండో మజిలీ ఊరి మెయిన్ రోడ్డు మీద ఓ చాయ్ హోటల్. ఇరానీ చాయ్ అంటే మనకు చార్మినారే గుర్తొస్తుంది కానీ, పాతబస్తీ నుంచి ఆరాంఘర్, గగన్‌పహాడ్ మీదుగా ఆ రుచి రోడ్డు పట్టుకుని ఇక్కడిదాకా వచ్చేసింది. డికాక్షన్ వేరుగా, మరిగి మరిగి చిక్కబడ్డ పాలు వేరుగా. కప్పులో కలిపాక ఇటుక రంగు. ఉస్మానియా బిస్కెట్ ముంచి, విరిగి పడకముందే నోట్లో వేసుకోవాలి. నాది పడిపోయింది. నాయిన నవ్వాడు.

ఇక్కడే నాకు క్యూ పాఠం దొరికింది. ప్యాసింజర్‌ను దింపాక ఖాళీగా సిటీకి వెళ్తే డీజిల్ దండగ. అందుకని పార్కింగ్‌లో క్యూలో ఉండాలి. వంతు రావడానికి గంట పట్టొచ్చు, నాలుగు గంటలూ పట్టొచ్చు. తిండి కోసం బయటికి వెళ్లిన టైమ్‌లోనే నంబర్ వస్తే? మళ్లీ వెనక నుంచి.

"మరి ఏం చేసేవాళ్లు?"

"చాయ్ క్యాన్ బండి మీద వచ్చేది. చాయ్‌తోని బిస్కెట్."

"అంటే తిండి?"

"అదే చెప్తున్న గదరా."

నేను ఉస్మానియాను 'స్నాక్' అనుకుంటూ బతికాను ఇన్నాళ్లూ. చాయ్, బిస్కెట్లు 70 రూపాయలు.

ఉదయం 10: అరగడానికి అమ్మపల్లి

తిన్నది అరగాలి కదా. ఊరి నుంచి కాస్త లోపలికి వెళ్తే నర్కుడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి. ఎత్తైన గోపురం, పక్కన మెట్ల కోనేరు. మీరు వెళ్లకపోయినా చూసే ఉంటారు, ఇక్కడ అన్ని సినిమాలు తీశారు మరి. మేం వెళ్లినప్పుడు కూడా ఓ ప్రీ వెడ్డింగ్ జంట లెహంగా సర్దుకుంటూ ఉంది. ప్యాసింజర్ల ఫ్లయిట్ లేటయినప్పుడు గుడి చూపించడానికి తీసుకొచ్చేవాడట నాయిన. వాళ్లు దర్శనానికి వెళ్తే, ఆయన చెట్టు కింద కారులో కునుకు తీసేవాడు. ఆ చెట్టు కిందే మేమూ గంటసేపు కూర్చున్నాం.

మధ్యాహ్నం 1: బగారా అన్నం

మళ్లీ హైవే ఎక్కి బెంగళూరు వైపు పది నిమిషాలు. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన లారీలు. బోర్డు మీద ఇరవై ఐటమ్స్ ఉన్నాయి, లోపల ఉన్నవి మాత్రం రెండే: బగారా అన్నం, కోడి కూర.

బిర్యానీకి పేరొచ్చింది గానీ, తెలంగాణలో పెళ్లికైనా పండక్కైనా దావత్ అంటే బగారానే. మసాలా దినుసులు, పుదీనా, ఉల్లిగడ్డ నూనెలో వేగాక ఆ ఎసట్లోనే బియ్యం. అన్నంలో ముక్కలుండవు. కూరకు తోడుగా ఉండటమే దాని పని. కూరలో ఎండుకొబ్బరి, గసగసాల చిక్కదనం. కారం మొదటి ముద్దకు తెలియదు, నాలుగో ముద్దకు చెవుల్లోకి వస్తుంది. పక్కన గిన్నెలో పచ్చిపులుసు తాగితే గానీ దిగదు.

నాయిన పుల్కా, పప్పు చెప్పాడు. నా ప్లేటు వైపు చూస్తూ ఓ ముక్క తీసుకున్నాడు, ఇంకోటి తీసుకోలేదు. బిల్లు 380.

ఈ ఊళ్లో వడ్డించే అన్నం కొంత ఒకప్పుడు ఈ ఊళ్లోనే పండేది. ఎయిర్‌పోర్టు కోసం 5 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉండేవని, హైవే మీద బుట్టల్లో అమ్మేవాళ్లని నాయిన చెప్పాడు. తోటలున్న చోట ఇప్పుడు వెంచర్ల బోర్డులు. "రన్‌వే ఏడుందో ఆడ ఎవరిదో చెలక ఉండె" అన్నాడు. ల్యాండ్ అయ్యేటప్పుడు కిటికీలోంచి కిందికి చూస్తాను కానీ, ఎప్పుడూ ఈ మాట తట్టలేదు.

మధ్యాహ్నం 3: సీతాఫలం బేరం

మీరు అక్టోబర్‌లో వెళ్తే మాత్రం ఇది మిస్ కావొద్దు. హైవే పక్కన గంపల్లో సీతాఫలాలు. మా మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ పేరుతో ఓ రకమే ఉంది, దేశమంతా తోటల్లో వేస్తారు. ఇక్కడికి మాత్రం గుట్టల మీంచి ఏరుకొచ్చినవీ వస్తాయి. కొనేటప్పుడు గట్టివి, పండబోయేవి వేరుచేసి అడగండి. కళ్లు విచ్చుకుని, మధ్యలో తెల్లగా కనిపిస్తే రేపటికి పండుతుంది. మెత్తబడినది అక్కడికక్కడే తినాలి.

గంపమ్మ 250 అంది. నాయిన 150 అన్నాడు. 200కు కుదిరింది. నేను కారు బానెట్ మీద పెట్టుకుని మూడు తిన్నాను. గింజ చుట్టూ వెన్నలాంటి గుజ్జు, వేలంతా జిగట. నాయిన ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, సగం విప్పాడు. "డాక్టర్ ఈడ లేడు గదా" అన్నాడు. నాలుగు గింజలు చప్పరించి మిగతాది నాకిచ్చాడు.

సాయంత్రం 4.30: కల్లు, చేతులు మారిన తాళం

రోడ్డు వదిలి ఊళ్లవైపు తిరిగితే తాళ్లు, ఈదులు కనిపిస్తాయి. చెట్ల కిందే దుకాణం. డ్యూటీలో ఉన్నప్పుడు నాయిన ఇక్కడ చుక్క ముట్టలేదు, చెట్టు కింద పక్క డ్రైవర్ల ముచ్చట్లు వినడానికే ఆగేవాడట. ఇవాళ షుగర్ వల్ల వద్దన్నాడు. సీసా 60 రూపాయలు. తెల్లగా, కాస్త పులుపు, వెనకాల తీపి, ముక్కులోకి నురగ. ఉప్పు చల్లిన పల్లీలతో మెల్లగా దిగింది.

తాగినవాడు బండి నడపొద్దు. తాళం ఆయనకిచ్చాను. సీటు వెనక్కి జరుపుకున్నాడు, అద్దాలు సరిచేసుకున్నాడు, పాట తగ్గించాడు. మా నాయిన స్టీరింగ్ పట్టుకుని ఆరేళ్లయింది. హైవే ఎక్కగానే, నేనేం చెప్పకుండానే కారు ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది.

"ఎటు పోతున్నం?"

"అలవాటురా" అన్నాడు.

సాయంత్రం 6.30: లోపలికి వెళ్లని వాళ్ల ఎయిర్‌పోర్టు

సరే వచ్చాం కదా అని దిగాం. ఏటా రెండు కోట్ల మందికి పైగా ఎక్కిదిగే చోటు ఇది. సాగనంపడానికి వచ్చేవాళ్లు ఆ లెక్కలో లేరు. ఓ పక్క జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో జీపులో వచ్చి, గల్ఫ్ వెళ్లే కొడుకు చుట్టూ నేల మీద కూర్చున్న కుటుంబం. టిఫిన్ డబ్బాలో సర్వపిండి, సంచిలో సకినాలు. ఇంకో పక్క అమెరికా వెళ్లే అమ్మాయి సూట్‌కేసు తెరిచి తూకం సర్దుతున్నారు. ఊరగాయ డబ్బాలు చేతిబ్యాగులో కుదరవు, చెక్‌ఇన్‌లోకి మార్చాలి. బరువెక్కువైతే ఏం తీయాలి? ఆ అమ్మాయి పుస్తకాలు తీసింది. వాళ్లమ్మ పుస్తకాలు మళ్లీ లోపల పెట్టి, ఒక డబ్బా తీసి నాన్న చేతిలో పెట్టింది.

"ఎన్ని డబ్బాలు మిగిల్తయో, తిరుగు ట్రిప్పుల మాకే ఇస్తుండె" అన్నాడు నాయిన. మా ఇంట్లో చిన్నప్పుడు ఉండే గోదావరి రుచి ఆవకాయ ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

రూల్ ప్రకారం లోపల తినలేదు. బయట రెండు కాఫీలు తాగాం. దాని ఖర్చు ఈ లెక్కలో కలపను, అది వేరే పద్దు.

రాత్రి 9: జొన్న రొట్టె

చివరి మజిలీ శంషాబాద్ దాటాక సర్వీస్ రోడ్డు. బల్బు వెలుగులో రొట్టెల చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత బండి కనిపిస్తుంది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. మన హెల్త్ ఇన్‌ఫ్లుయెన్సర్లకు అది ట్రెండ్. ఇక్కడ మాత్రం రోజూ రాత్రి భోజనం. జొన్నపిండిలో జిగురుండదు, వేడినీళ్లతో కలిపి వెంటనే తట్టాలి. ఆమె అరచేతుల మధ్య రొట్టె తిరుగుతూ పెద్దదవుతోంది. పెనం మీద తడిగుడ్డతో తుడిచి, తిప్పి, నిప్పుల మీద పొంగించి ప్లేట్లో వేస్తోంది. నాటుకోడి పులుసు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ.

ఇది షుగర్ ఉన్నా తినొచ్చు. పొద్దుటి నుంచి మొదటిసారి నాయిన కడుపునిండా తిన్నాడు.

రొట్టెలామె ఆయన్ను పోల్చుకుంది. "ఏమన్నా, శాన ఏండ్లాయె! గీయనేనా కొడుకు?" అని నన్ను చూసింది. "మీ నాయిన ఈడ కూసోని తిన్నది ఇయ్యాల్నే చూస్తున్న కొడుకా. ఎప్పుడు జూడు, రెండు రొట్టెలు, కూర పార్సిలే."

ఆ పార్సిల్ నాకు తెలుసు. పొద్దున లేచేసరికి న్యూస్‌పేపర్‌లో చుట్టిన రొట్టెలుండేవి. అమ్మ వేడిచేసి, కూర పెట్టి, నన్ను స్కూలుకు పంపేది. "నేను ఆడ్నే తిన్న, ఇవి నీకు" అనేవాడు నాయిన.

నేను ఆయన వైపు చూశాను. ఆయన రొట్టె తుంచుకుంటూ, "చల్లారుతది, తిను" అన్నాడు. బిల్లు 340. మొత్తం రోజు ఖర్చు 1,150.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు: సొంత బండి ఉంటే మంచిది. లేదంటే మెహదీపట్నం, ఆరాంఘర్ వైపు నుంచి శంషాబాద్ సిటీ బస్సులు ఉంటాయి. ఎయిర్‌పోర్టు పుష్పక్ ఎక్కితే నేరుగా టెర్మినల్‌కే తీసుకెళ్తుంది, ఊరు చూపించదు. కల్లు తాగితే డ్రైవర్ వేరే ఉండాలి. రొట్టెలకు ఎనిమిది దాటాక వెళ్లండి.

పదకొండున్నరకు అమ్మ ఫోన్ చేసింది. కారు నాయినే నడుపుతున్నాడు, స్పీకర్ ఆన్ చేశాను.

"తిన్నరా?"

"ఆ, తిన్నం" అన్నాడు నాయిన.

నేను మొత్తం లిస్టు చెప్పాను. బోండా నుంచి రొట్టె దాకా, సీతాఫలం నాలుగు గింజలతో సహా. రొట్టెలామె చెప్పిన మాట కూడా చెప్పాను. అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు.

షాద్‌నగర్ ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. వంటింట్లో లైటు వెలుగుతోంది. గట్టు మీద ఒక ప్లేటు, దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉంది. చిన్నప్పుడు రోజూ అక్కడ ఉండే ప్లేటే అది. మూత తీస్తే అన్నం, పప్పు, ఓ పక్కన పచ్చడి.

"తిన్నమని చెప్తిమి గదా" అన్నాను.

"మీ నాయిన రోజూ అట్లనే చెప్తుండె" అంది అమ్మ, మంచినీళ్లు పెడుతూ.